మిగిలింది ఎవరి వంతు?

గరిటెన్నర ముద్దపప్పు. గిన్నె అడుగున పావు వంతు సాంబారు. గట్టిపడిన మూడు ఇడ్లీలు. సగం కోసి కవర్లో చుట్టిపెట్టిన ఆనపకాయ. కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన వంకాయ కూర ప్యాకెట్లో మిగిలిన నాలుగు ముక్కలు. విశాఖ ద్వారకా నగర్‌లో ఏ ఇంట్లో ఫ్రిజ్ తెరిచినా, ఏ కుర్రాళ్ళ గదిలో స్టౌ పక్కన చూసినా, రాత్రి తొమ్మిది దాటాక ఇంచుమించు ఇదే సరుకు.

ఆ తర్వాత జరిగేది మాత్రం ఇంటింటికీ వేరు. కోచింగ్ కోసం వచ్చి ముగ్గురు నలుగురు కలిసి అద్దెకున్న గదిలో అది రెండు రోజులు అక్కడే ఉండి మూడోనాడు చెత్తబండి ఎక్కుతుంది. సంసారుల ఇంట్లో పారెయ్యడానికి చెయ్యి రాదు. "మీరు వేడిది తినండత్తయ్యా, ఆ సాంబారు నాకుంచండి" అంటుంది కోడలు. "నీకెందుకమ్మా, నేను వేసుకుంటాన్లే" అంటుంది అత్తగారు. ఈ మర్యాద వాదులాటలో ఇంట్లో మగవాళ్ళ గొంతు వినబడదు, గమనించారా? మిగిలింది ఎవరు తినాలన్న ప్రశ్న వాళ్ళ కంచం దాకా వెళ్ళదు.

ఒకరు పారేస్తారు, ఇంకొకరు త్యాగం చేస్తారు. రెండూ ఆలోచించి చేసే పనులు కావు. ఈ అధ్యాయం మూడో దారి గురించి: నిన్న మిగిలినదాన్ని ఇవాళ ఇంటిల్లిపాదీ అడిగి వడ్డించుకునేలా చెయ్యడం. వంటల సంగతి వ్యక్తిత్వ వికాస పుస్తకంలోకి ఎందుకొచ్చిందని మీకు అనుమానం రావచ్చు. చేతిలో ఉన్నదేమిటో చూసి, దాని లోటు కనిపెట్టి, కొంచెంలో పరీక్షించి, కుదిరాక మొత్తం మీద ప్రయోగించే నేర్పు ఉద్యోగంలోనూ కావాలి, వ్యాపారంలోనూ కావాలి. అది నేర్చుకోవడానికి వంటింటికన్నా చవకైన చోటు లేదు. తప్పితే పోయేది గరిటెడు సాంబారు.

ద్వారకా నగర్ లాంటి చోట ఈ నేర్పు కొంచెం కష్టంగా అబ్బుతుంది. వీధి మొగలో టిఫిన్ బండి, ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు నడిస్తే హోటళ్ళ వరస, నడిచే ఓపిక లేకపోతే ఫోన్‌లో నొక్కితే గుమ్మంలోకి బిర్యానీ. ఇన్ని దొరికే చోట గరిటెన్నర పప్పుతో ఏం చెయ్యాలా అని ఎవరు బుర్ర పెడతారు? ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం, 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం పెళ్ళి విందుల్లోనో హోటళ్ళలోనో పోయింది కాదు, ఇళ్ళలో పోయింది. అంటే గరిటెన్నరలే కలిసి కొండ అయ్యాయి.

పారెయ్యాల్సింది ముందు పారెయ్యండి

పొదుపు మీద ఉత్సాహం వచ్చినవాళ్ళు మొదట చేసే పొరపాటు అన్నిటినీ కాపాడబోవడం. విశాఖ సముద్రపు గాలి ఊరు, ఉక్కపోత ఎక్కువ. రాత్రి బల్ల మీద మూతపెట్టి వదిలేసిన అన్నం పొడి ఊళ్ళో ఉన్నట్టు ఇక్కడ ఉండదు. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మేలుకొని విషపదార్థం తయారు చేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. "పొయ్యి మీద పెట్టి మరిగించేశాం కదా" అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

సూక్ష్మజీవులు చురుగ్గా పెరిగేది సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. మిగిలిన వంట ఆ మధ్యలో ఉండే సమయాన్ని తగ్గించడమే మీ పని. అన్నం మిగులుతుందని తెలిస్తే కుక్కర్లోనే ఉంచకుండా వెడల్పు పళ్ళెంలో పలచగా పరవండి, త్వరగా చల్లారుతుంది. రెండు గంటల్లోపు, మే నెలలో అయితే గంటలోపే, ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. మర్నాటికి వాడెయ్యండి. సాంబారు, పప్పుచారు లాంటివి తెర్లేదాకా మరిగించాలి, అదీ తినబోయే మేరకే తీసి, ఒక్కసారే. గిన్నెడూ నాలుగుసార్లు కాచి నాలుగుసార్లు చల్లార్చడం పొదుపు అనిపించుకోదు.

చేపల సంగతి వేరుగా చెప్పాలి. చేపల పులుసు మర్నాడే రుచి అన్నది విశాఖలో ఎవరూ కాదనరు. చింతపండు పులుపు, ఉప్పు ముక్క లోపలికి దిగడానికి ఒక రాత్రి పడుతుంది. కానీ ఆ మాట వండిన పులుసుకే. కవళ్ళు, వంజరం లాంటి చేపల్ని పచ్చిగా వేడిలో వదిలేస్తే హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. దాన్ని ఏ మంటా, ఏ మసాలా పోగొట్టలేదు. తిన్న కాసేపటికే ఒళ్ళు ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన చేప సంచీలో గంటల తరబడి తిరిగితే దానిమీద ప్రయోగాలు వద్దు.

జిగురు వచ్చినవి, బూజు పట్టినవి, ముక్కు దగ్గర పెట్టగానే తల వెనక్కి పోయేవి వెంటనే పారెయ్యండి. ఇంకొక సలహా: ఆ పారేసినదాని పేరు, పాల లెక్క రాసే క్యాలెండర్ మీద అదే తేదీ గడిలో రాయండి. నెలాఖరుకి చూస్తే ప్రతి సోమవారం గడిలో "ఇడ్లీ పిండి" అనో, ప్రతి గురువారం "కొత్తిమీర" అనో కనబడుతుంది. మీ ప్రయోగం అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. చాలాసార్లు వచ్చే జవాబు కొత్త వంటకం కూడా కాదు. అరకిలో పప్పు నానబెట్టేచోట పావుకిలో నానబెట్టడం.

రాత్రికి రాత్రి ఏం పోయింది?

దాచిన వంటను చూసి "దీంతో ఏం చెయ్యాలి" అని అడిగితే బుర్ర మొరాయిస్తుంది. ప్రశ్న మార్చండి: నిన్న వేడిగా ఉన్నప్పుడు దీనిలో ఉన్నది ఏది ఇవాళ లేదు? నిన్న లేనిది ఏది ఇవాళ పెరిగింది? ఈ రెండూ తేలితే వంటకం దానంతటదే కనబడుతుంది.

ఇడ్లీ తీసుకోండి. పోయింది మెత్తదనం. ఉడికినప్పుడు ఉబ్బిన పిండిపదార్థం చల్లారాక మళ్ళీ బిగుసుకుంటుంది. వేడి, తడి కలిపి ఇస్తే ఆ బిగువు చాలావరకు సడలుతుంది. కాబట్టి నీళ్ళు చిలకరించి ఐదు నిమిషాలు ఆవిరి మీద పెడితే ఇడ్లీ ఇడ్లీగానే తిరిగొస్తుంది. అక్కర్లేదు, ఉప్మా చేద్దామనుకుంటే వేడిచెయ్యకుండా, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని ఇడ్లీనే చిదపాలి. చల్లగా ఉంటేనే పొడిపొడిగా రాలుతుంది. వేడిచేసి చిదిపితే ముద్ద. తర్వాత ఆవాలు, మినప్పప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు పోపులో రెండు నిమిషాలు తిప్పి దింపేటప్పుడు నిమ్మరసం పిండితే చాలు. ఇక్కడ ఇడ్లీలో లోటు అనుకున్న బిగువే పనికొచ్చింది.

అన్నానికీ అదే సూత్రం. పులిహోర చెయ్యాలంటే వేడన్నం ఆరబోసి, నూనె రాసి, మెతుకు విరగకుండా తిప్పలు పడతాం. ఫ్రిజ్‌లో రాత్రి గడిపిన అన్నానికి ఆ సేవలన్నీ అక్కర్లేదు, మెతుకులు ముందే విడివడి ఉంటాయి. వేడి పోపులో చింతపండు గుజ్జు, పసుపు, ఇంగువ వేసి మగ్గించి ఆ అన్నం వేసి తిప్పితే పదిహేను నిమిషాల పని. అన్నం మరీ మెత్తబడి ముద్దయిందనుకోండి, పులిహోర మాట మరిచిపోండి. దాన్ని చేత్తో మెదిపి, రెండు గరిటెల పెరుగు, గుప్పెడు శనగపిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి పకోడీలు వేసుకోండి. మెత్తగా ఉన్న అన్నమే పిండిని పట్టి ఉంచుతుంది. ఏ లోటు ఏ వంటకానికి గుణమో చూసుకోవడంలోనే సగం వంట అయిపోతుంది.

సాంబారులో జరిగేది తిరగేసి ఉంటుంది. అక్కడ పోయేది వాసన. ఇంగువ, కరివేపాకు, సాంబారు పొడి ఇచ్చే పరిమళం గాలిలో కలిసిపోయే రకం. మరిగించిన కొద్దీ ఎగిరిపోతుంది. పెరిగేది ఉప్పు, పులుపు, కారం, ఎందుకంటే నీరు ఇగిరింది. అందుకే నిన్నటి సాంబారు ఇవాళ ఘాటుగా ఉంటుంది, ఘుమఘుమలాడదు. దీనికి మందు రెండు పనులు: ఉప్పులేని పప్పునీళ్ళో వట్టి నీళ్ళో పోసి పలచన చెయ్యడం, దించాక కొత్తగా పోపు పెట్టడం. ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేస్తే లాగేస్తుందని ఊరంతా చెబుతారు. దుంప పీల్చేది ఆ ఉప్పు పులుసునే. మిగిలిన పులుసులో ఉప్పదనం అంతే ఉంటుంది. దుంప తినడానికి బావుంటుంది, వెయ్యండి. ఉప్పు తగ్గాలంటే మాత్రం పలచన చెయ్యక తప్పదు.

గరిటెడు పరీక్ష

వంటలో ప్రయోగం అనగానే మనవాళ్ళు చేసేది గిన్నెడు కూరలో ధైర్యంగా ఏదో ఒకటి కుమ్మరించడం. బావుంటే అదృష్టం, లేకపోతే పెళ్ళాం చెయ్యి మంచిది కాదన్న మాట. ఈ సాహసం వదిలెయ్యండి. గిన్నెలోంచి మూడు గరిటెలు మూడు చిన్న కప్పుల్లోకి తీయండి. ఒకదాంట్లో రెండు చుక్కల నిమ్మరసం, రెండోదాంట్లో చిటికెడు మిరియాల పొడి, మూడోదాంట్లో గోలీకాయంత బెల్లం. ఒక్కో కప్పులో ఒక్క మార్పే. నిమ్మ, మిరియం, బెల్లం మూడూ ఒకే కప్పులో వేస్తే, రుచి బావున్నా ఎందుకు బావుందో తెలియదు. చెడితే ఎవరు చెడగొట్టారో తెలియదు.

రుచి చూడటానికి వండినవాళ్ళ నాలుక పనికిరాదు. పొయ్యి దగ్గర అరగంట నిలబడ్డ ముక్కు ఆ వాసనకి అలవాటుపడిపోతుంది. హాల్లో టీవీ చూస్తున్న మనిషిని పిలవండి. "ఏవండీ, ఈ మూడిట్లో ఏది బావుందో చెప్పండి" అంటే వస్తారు. "సాంబారు ఎలా ఉంది" అంటే "బాగానే ఉంది" అని అక్కణ్ణుంచే అంటారు. పిల్లలైతే ఇంకా మేలు; మొహమాటం లేని తీర్పరులు. కప్పు ఎంచుకున్నవాడు ఆ వంటలో భాగస్వామి అయిపోతాడు, మర్నాడు దానికి వంక పెట్టడు. ఆఫీసుల్లో జీతాలిచ్చి నేర్పించే సంగతి ఇది.

గదుల్లో ఉండే కుర్రాళ్ళకి ఈ పద్ధతి మరీ బావుంటుంది. ఒక ఇండక్షన్ స్టౌ, ఒక కుక్కరు, కొనుక్కొచ్చిన కూర ప్యాకెట్లు: అదే వాళ్ళ వంటిల్లు. కర్రీ పాయింట్ పప్పు సాధారణంగా చిక్కగా, కాస్త చప్పగా ఉంటుంది. మిగిలిన ప్యాకెట్‌లో వేడినీళ్ళు పోసి, టమాటా ఒకటి నలిపి వేసి, మరిగించి, వెల్లుల్లి రెండు రెబ్బలతో పోపు పెడితే అది పప్పుచారు. పరీక్షలకి చదివేవాడు పది నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడితే చదువు పాడవదు. పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని పగలంతా ఇతరులు రాసిన జవాబులు బట్టీ పట్టాక, సాయంత్రం ఒక్క ప్రశ్నకైనా తన జవాబు తాను తయారు చేసుకోవడం బుర్రకి మంచిదే.

పోపు, ఆవ, పులుపు

పోపులపెట్టెని మనం అలవాటుకొద్దీ వాడతాం. అది చేసే పని తెలిసి వాడితే ఇంకో ప్రపంచం. మసాలా దినుసుల్లో వాసన ఇచ్చే నూనెలు నీళ్ళలోకన్నా వేడి నూనెలో బాగా కరుగుతాయి. అందుకే గిన్నెడు నీళ్ళ చారు మీద చెంచాడు నూనె పోపు పడగానే ఇల్లంతా తెలుస్తుంది. నిన్నటి వంటకి పోయింది వాసన అయినప్పుడు, దాన్ని తిరిగి ఇచ్చే చిట్కా మన చేతిలో ఎప్పుడూ ఉన్నదే. పైగా పోపు మారిస్తే పప్పు ఊరు మారుతుంది. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వేస్తే మనది. జీలకర్ర, వెల్లుల్లి, నెయ్యి వేస్తే ఉత్తరాది దాబా. కొబ్బరినూనె, చిన్న ఉల్లిపాయలు, కరివేపాకు వేస్తే కేరళ. ఒకే ముద్దపప్పు, మూడు రాత్రులు.

ఆవపెట్టడం ఇక్కడి గోస్తనీ నది నీళ్ళు తాగినవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, కొత్తగా కాపురం పెట్టిన పిల్లలకి చెప్పాలి. ఆవగింజ మామూలుగా ఘాటుగా ఉండదు. నలిగి నీళ్ళు తగిలినప్పుడే దానిలోని పదార్థాలు కలిసి ఆ ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఆ పని ఆగిపోతుంది. కాబట్టి ఆవాలు, ఎండుమిర్చి, కొద్దిగా ఉప్పు చన్నీళ్ళతో నూరి, ఐదు పది నిమిషాలు ఉంచి, పొయ్యి మీంచి దించి కాస్త చల్లారిన కూరలో కలపాలి. నిన్నటి అరటికాయ కూర, క్యాబేజీ కూర, చప్పగా ఉడికించిన ఏ దుంపైనా దీంతో లేచి కూర్చుంటుంది. నూరే ఓపిక లేకపోతే ఆవకాయ జాడీ అడుగు చూడండి. ముక్కలు అయిపోయి ఆవపిండి, కారం, ఉప్పు, నూనె ఊరి మిగిలిన ఆ ముద్ద బజారులో దొరకని మసాలా. ఉడికిన బంగాళాదుంపలకి రెండు చెంచాలు పట్టించి పెనం మీద వేయించండి; వేరే ఉప్పు వెయ్యకండి.

ఇక పులుపు. దోసెపిండి మూడోనాటికి పులిసిందంటే అందులోని సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లాన్ని పెంచాయని అర్థం. ఆ పిండితో దోసె వేస్తే పిల్లలు మొహం తిప్పుకుంటారు. బియ్యప్పిండి, కొంచెం బొంబాయి రవ్వ, ఉల్లిపాయ, జీలకర్ర కలిపి గట్టి చేసి, చివర్లో చిటికెడు వంటసోడా వేసి పునుగులు వెయ్యండి. సోడా ఆమ్లంతో కలవగానే గాలిబుడగలు పుడతాయి, కొంత పులుపూ తగ్గుతుంది; పునుగు లోపల గుల్లగా వస్తుంది. పులవని పిండితో ఇంత బాగా రావు. పులిసిన పెరుగూ అంతే: మజ్జిగ చేసి, చెంచాడు శనగపిండి కలిపి విరగకుండా కాస్తే మజ్జిగ పులుసు. నిన్నటి గారెలుంటే పెరుగులో వేసి ఆవడలు.

పులుపుని మన పెద్దలు శత్రువుగా చూడలేదు. తరవాణి కుండ, చోడి అంబలి, చద్దన్నం, అన్నీ దాన్ని పనిలో పెట్టుకున్నవే. ఇక్కడికి దగ్గర్లోనే, అనకాపల్లి జిల్లా మాడుగులలో, దంగేటి వారి పేరుతో ముడిపడి నూరేళ్ళకు పైబడి పేరు నిలబెట్టుకున్న హల్వా కూడా గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, తీసిన పాలతో చేసేదే. ఓపికగా నానబెట్టడం, ఓపికగా కలపడం, దినుసులు చూస్తే గోధుమ, పంచదార, నెయ్యి. ఏ ఇంట్లో లేనివి? ఖరీదైన సామాను కొనుక్కొస్తే తప్ప ప్రయోగం మొదలవదనుకునేవాళ్ళు ఒకసారి అటు వెళ్ళి రండి. తియ్యటి ప్రయాణం.

రైతుబజారు సంచీ

1999లో రైతుబజార్లు మొదలయ్యాక కూరగాయలు నేరుగా పండించినవాళ్ళ దగ్గర కొనడం అలవాటైంది. నరసింహనగర్ బజారుకో, ఎంవీపీ కాలనీ బజారుకో వెళ్ళి వచ్చిన సంచీలో బీరకాయ చెక్కు, ఆనపకాయ తొక్క, అరటికాయ తొక్క, కాలీఫ్లవర్ కాడలు, కొత్తిమీర కాడలు, ముల్లంగి ఆకు తూకం వేసి డబ్బిచ్చి తెచ్చినవే. వీటిలో బీరపొట్టు పచ్చడి మీకు తెలుసు. అది కుదరనివాళ్ళు అడిగేది ఒక్కటే: ఎందుకు జావగా, పచ్చివాసనగా వస్తోందని. చెక్కులో నీరు పోలేదు కాబట్టి. అరకిలో బీరకాయల చెక్కు సన్నగా తరిగి, రెండు చెంచాల నూనెలో, మూత పెట్టకుండా, అంచులు గోధుమరంగు తిరిగేదాకా వేయించాలి. మూత పెడితే ఉడుకుతుంది, వేగదు. తర్వాత మినప్పప్పు, నాలుగైదు ఎండుమిర్చి విడిగా వేయించి, ఉసిరికాయంత చింతపండుతో కచ్చాపచ్చాగా రుబ్బుకోవాలి. చేదు బీరకాయ అయితే చెక్కూ, కాయా రెండూ పారెయ్యాలి, మొహమాటపడకండి. ఆనపకాయ చేదైనా అంతే. ఆ చేదు కడుపుకి హాని చేస్తుంది.

ఒకసారి బీరచెక్కుతో కుదిరాక ఆనపతొక్కతో చేసి చూడండి, తర్వాత అరటితొక్కతో. ఆనపతొక్క నీరు ఎక్కువ, వేయించే సమయం పెరుగుతుంది. అరటితొక్క వగరు, ముందు చింతపండు నీళ్ళలో ఉడికించాలి. పద్ధతి ఒకటే ఉంచి దినుసు ఒక్కటి మార్చినప్పుడు ఆ దినుసు స్వభావం మీకు అర్థమవుతుంది. పుచ్చకాయలో ఎర్రటి గుజ్జుకీ ఆకుపచ్చ పెంకుకీ మధ్య ఉండే తెల్లభాగం పెసరపప్పులో వేస్తే ఆనపకాయో, పుచ్చకాయో చెప్పడం కష్టం. కాలీఫ్లవర్ కాడలు నువ్వుల పొడితో వేపుడు. కొత్తిమీర కాడలు చారులో. ముల్లంగి ఆకు పప్పులో. చపాతీలు మిగిలితే తెలంగాణ వాళ్ళు బతుకమ్మకి చేసే మలీద గుర్తుచేసుకోండి: చిదిపి, అనకాపల్లి బెల్లం, నెయ్యి, యాలకులు కలిపి ముద్దలు కట్టడమే.

ఫ్రిజ్ బీరువాగా మారిన రోజులు

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదుగా తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్ దొరకడమే గగనమైంది. ఆ వారంలో ప్రతి ఇల్లాలికీ తెలియకుండానే ఒక వరస అలవాటైంది: ఏది ముందు పాడవుతుందో అది ముందు వండాలి. చేప, మాంసం, పాలు మొదటిరోజు. ఆకుకూరలు, వండిన కూరలు ఆ వెంటనే. వంకాయ, బెండకాయ తర్వాత. గుమ్మడి, చేమ, ఉల్లి, బంగాళాదుంప చివర. ఆఖర్న వడియాలు, అప్పడాలు, ఎండు రొయ్యలు, పచ్చళ్ళు.

తుపాను లేకపోయినా ఫ్రిజ్‌ని ఆ వరసలోనే సర్దుకోవచ్చు. త్వరగా పోయేవి కంటి ఎదురుగా ఉండే అరలో, పారదర్శకంగా ఉండే డబ్బాల్లో. స్టీలు గిన్నె మీద స్టీలు మూత పెట్టి వెనక్కి నెట్టినదాన్ని ఎవరూ తియ్యరు. షిఫ్టు డ్యూటీలున్న ఇళ్ళలో ఇది మరీ అవసరం. స్టీలు ప్లాంటులోనో పోర్టులోనో రాత్రి డ్యూటీ దిగి తెల్లారి ఇంటికొచ్చే మనిషి నిద్ర కళ్ళతో డబ్బాలన్నీ తెరవడు. మూత మీద కాగితం ముక్క అంటించి "పులిహోర అన్నం, నిన్నటిది, పోపు గిన్నెలో ఉంది" అని రాస్తే తనే కలుపుకుని తింటాడు. ఎవర్నీ లేపక్కర్లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఇంత నేర్పూ ఇల్లాలొక్కతే నేర్చుకుని, ఇల్లాలొక్కతే తింటే ఈ అధ్యాయం వృథా. వారంలో ఒక రాత్రి ఎంచుకోండి. గురువారం బావుంటుంది, ఆదివారపు సరుకు అడుగంటే రోజు. ఆ మధ్యాహ్నమే ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టించండి, మీరు కాదు, మీ వారితోనో పిల్లలతోనో. వాసన చూసి పారేసేవి వాళ్ళనే పారెయ్యమనండి, క్యాలెండర్ మీద వాళ్ళచేతే రాయించండి. మిగిలినవాటిలో ఒక్కొక్కరు ఒక్కోటి తీసుకుని దానికి ఏం పోయిందో చెప్పాలి. పదేళ్ళ పిల్లాడు కూడా "ఇడ్లీ గట్టిగా అయిపోయిందమ్మా" అని చెప్పగలడు. అంతకన్నా పెద్ద విశ్లేషణ అక్కర్లేదు. పోపు పెట్టడం పెద్దవాళ్ళ పని, కప్పుల్లో రుచి చూడటం అందరి పని.

ఆ రాత్రి కొత్త కూర వండకండి. వడ్డించేటప్పుడు అన్ని కంచాల్లోకీ అన్నీ సమానంగా, ముందు అత్తగారికి. ఎవరైనా "ఇది నిన్నటి సాంబారేనా" అని అడిగితే అవునని చెప్పి, ఇంకో గరిటె కావాలా అని అడగండి.